నక్షత్రం అంటించిన పేజీ

ఫోను మోగేసరికి మాటల మేడమ్ చేతిలో రెండు ఆకుపచ్చ టూత్‌బ్రష్షులున్నాయి. పెళ్ళయి ఇంకా నెలన్నర నిండలేదు. ఒకటి తనది, ఒకటి మొగుడిది. ఏది ఎవరిదో మూడోసారి కలిసిపోయింది. ఒకదానికి ఎర్రదారం కడదామని ఆమె, "కట్టకు, కొత్త కాపురంలో ఆమాత్రం సస్పెన్సు ఉండాలి" అని అతను, స్నానాలగది గుమ్మంలో నిలబడి వాదించుకుంటున్నారు.

మాటల మేడమ్ అన్నది బడిపిల్లలు పెట్టిన పేరు. ఆమె లెక్కలు చెప్పదు, సైన్సు చెప్పదు. బడి సైకాలజిస్టు. మెట్లపక్క చిన్నగదిలో కూర్చుని పిల్లలతో మాట్లాడుతుంది, మాట్లాడిస్తుంది. "మాట్లాడితే ఉద్యోగం ఇస్తారా? ఆ లెక్కన మా అమ్మ ఈపాటికి హెడ్‌మాస్టరై ఉండాలే!" అని పెళ్ళిచూపులప్పుడే జోకేశాడు మొగుడు. ఆ జోక్‌కే ఆమె పడిపోయింది.

ఫోను శిక్షణ కేంద్రం నుంచి. శిక్షణాధికారిణి గొంతు ఎప్పుడూ నిదానంగా ఉంటుంది, ఇవాళ మాత్రం పరుగులు పెడుతోంది.

"మీ నివేదిక ఎంపికైందమ్మా! శిక్షణ పుస్తకంలో వేసేశాం కూడా. నలభై ఎనిమిదో పేజీ."

జబ్బులున్న పిల్లలకు బడిలో ఎలా అండగా నిలవాలో నేర్పడానికి నలభైమంది బడి సైకాలజిస్టులకు రేపటినుంచి రెండు రోజుల శిక్షణ. మాటల మేడమ్ రాసిన నివేదికను వాళ్ళందరికీ నమూనాగా ఇస్తున్నారు. అంతేకాదు, మొదటి గంట పాఠం చెప్పాల్సిన డాక్టరుగారు రావడం లేదు.

"ఆ గంట మీరే చెప్పండి. మీ పిల్లలు రాసే ఆ తోడు పుస్తకం పట్టుకురండి, అందరూ చూస్తారు. ఇంకో చిన్నమాట. చివర్లో, మీరు రాసిన ఆ పాప సొంతమాట ఒక్కటి చదివితే బావుంటుంది."

ఫోను పెట్టేశాక మాటల మేడమ్‌కి కాళ్ళు నేలమీద ఆనలేదు. నోటినిండా నురగతో ఉన్న మొగుణ్ణి పట్టుకుని వంటింట్లో ఒక చుట్టు తిప్పింది. అత్తగారు చెత్తబుట్ట తీసుకుని కిందికి వెళ్ళింది. ఖాళీబుట్టతో పైకి వచ్చేసరికి మూడంతస్తులకీ విషయం తెలిసిపోయింది.

"నలభైమందికటే!" అంది అత్తగారు, మెట్లెక్కిన ఆయాసంతో. "కిందింటావిడ అడిగింది, మీ కోడలు టీచరా అని. కాదమ్మా, టీచర్లకే టీచరు అన్నాను."

"టీచర్లకి కాదత్తయ్యా, సైకాలజిస్టులకి."

"అదే. అది పలకడం ఆలస్యమని టీచరన్నాను."

మొగుడు కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తాడు. "సాయంత్రం పవర్ లేని జోడొకటి తెస్తాను. పాఠం చెప్పేవాళ్ళ ముక్కుమీద కళ్ళజోడు లేకపోతే వినేవాళ్ళకి నమ్మకం కుదరదు" అన్నాడు.

బస్సులో కిటికీపక్క సీటు దొరికింది. అది కూడా తన ఘనతేననిపించిందామెకి.

ఆ నివేదిక ఆరో తరగతి చదివే ఒక పాప గురించి. ఎప్పుడో బడి నర్సమ్మ 'పిట్ట' అని పిలిచింది, బడంతా అదే పేరు ఖాయం చేసింది. ఆర్నెల్ల కిందట పిట్టకి షుగరు వచ్చింది. పెద్దవాళ్ళకి వచ్చే రకం కాదు. ఒంట్లో ఇన్సులిన్ తయారవడమే ఆగిపోయే రకం. రోజూ మధ్యాహ్నం భోజనానికి ముందు నర్సమ్మ గదిలో సూది వేయించుకోవాలి. మూడు వారాలు ఆసుపత్రిలో ఉండి తిరిగొచ్చిన పిట్ట కోసం మాటల మేడమ్ రెండు పనులు చేసింది. మొదటిది, ఆ తరగతికి వెళ్ళి షుగరు గురించి బొమ్మలు గీసి మరీ పాఠం చెప్పింది. రెండోది, 'తోడు' పెట్టింది. వారానికి ఇద్దరు పిల్లలు పసుపు బ్యాడ్జీలు పెట్టుకుని పిట్టని అంటిపెట్టుకుని ఉంటారు. నీళ్ళకి వెళ్ళినా వెంటే, ఆటలకి వెళ్ళినా వెంటే. పిట్ట ఏం తిన్నదో, ఎలా ఉన్నదో సాయంత్రం తోడు పుస్తకంలో రాస్తారు. తీపి ముట్టని రోజుకొక బంగారు నక్షత్రం. శుక్రవారంనాడు మాటల మేడమే కూర్చుని ఆ నక్షత్రాలు అంటిస్తుంది. అలా అంటించిన నక్షత్రాలతో గ్రాఫు గీసింది. ఆ గ్రాఫు గోడెక్కే తీగలా చక్కగా పైకి పాకింది. అదే ఇప్పుడు నలభై ఎనిమిదో పేజీ.

బడికి చేరగానే నేరుగా ఆరో తరగతికి వెళ్ళి పుస్తకం అడిగింది. ఈ వారం తోడుపిల్లలు ఇద్దరూ బ్యాడ్జీలు సర్దుకుని లేచారు.

"మేడమ్, నిన్న దాని జేబులో చాక్లెట్ కాగితం ఉంది. మేం చూసేశాం. రాసేశాం."

"అబ్బో, డిటెక్టివ్‌లే!" అని నవ్వింది మాటల మేడమ్. వెనకబెంచీలో పిట్ట పుస్తకంలోకి తల ఇంకా వంచేసింది. ఆమె అది చూసింది. సిగ్గుపడుతోంది కాబోలు, ముద్దొస్తోందనుకుంది.

మధ్యాహ్నం నర్సమ్మ గదికి వెళ్ళింది. తెరచాటున ఒక మంచం, చిన్న ఫ్రిజ్, దూదిడబ్బా పెట్టిన బల్ల. ఆ బల్ల చివర పిట్ట తన డబ్బా తెరుచుకుని తింటోంది. తోడుపిల్లలు గుమ్మం బయట నిలబడి ఉన్నారు.

"ఇక్కడ తింటున్నావేం, అందరితో కాకుండా?"

"ఊరికే మేడమ్."

మాటల మేడమ్ కుర్చీ లాక్కుని కూర్చుంది. "నీతో ఒక పనుంది పిట్టా. తోడు గురించి నీ సొంతమాట ఒక్కటి రాసివ్వాలి. రేపు పెద్దవాళ్ళందరికీ చదివి వినిపిస్తాను."

పిట్ట చెంచా పక్కనపెట్టి చెయ్యి తుడుచుకుంది. "ఏం రాయమంటారు మేడమ్?"

"నేను చెప్తే నీ మాటెలా అవుతుంది? నీకేమనిపిస్తే అది రాయి."

"అనిపించిందంటే... మంచిదేగా మేడమ్?"

"మంచిదే" అని నవ్వేసింది.

పిట్ట స్కేలుతో గీత కొట్టుకుని, ఆ గీతమీద ఒక్క తప్పు లేకుండా రాసింది: 'నాకు తోడు ఇచ్చినందుకు మాటల మేడమ్‌కి కృతజ్ఞతలు.' గంట మోగింది. డబ్బా మూసుకుని వెళ్ళిపోయింది. చెరోపక్కా బ్యాడ్జీలు నడిచాయి.

"దొంగ వెంట పోలీసుల్లా" అంది నర్సమ్మ, దూదిడబ్బా మూత బిగిస్తూ. నర్సమ్మది పెద్ద వయసు. ఎవరినైనా ఒరేయ్, అమ్మాయ్ అంటుందే తప్ప సారు, మేడమ్ అనడం ఆమెకి చేతకాదు. "ఆ కాగితం రేపు పట్టుకెళ్తావా అమ్మాయ్?"

"వెళ్తాను. ఏం నర్సమ్మా?"

"ఏం లేదు. దాంతోపాటు పోయిన నెల పద్నాలుగో తారీకు పేజీ కూడా చదివి వినిపించు."

మాటల మేడమ్ తోడు పుస్తకం తిరగేసింది. పద్నాలుగో తారీకున గుండ్రటి అక్షరాలతో ఉంది: 'ఆటల పీరియడ్ అయ్యాక కూడా ఏమీ తినలేదు. మెట్లమీద బుద్ధిగా కూర్చుంది. ఈ రోజు చాలా మంచిగా ఉంది.' పక్కన బంగారు నక్షత్రం.

"బానే ఉందిగా?"

"ఆ రోజు దాని షుగరు నలభై రెండుకి పడిపోయింది. తక్కువలో తక్కువ డెబ్బై ఉండాలి." నర్సమ్మ గొంతు పెంచలేదు. "వణుకు. ఒళ్ళంతా చెమట. మెట్లమీద కూర్చోలేదమ్మాయ్, కూలబడింది. నేనటు వెళ్ళబట్టి సరిపోయింది. దాని జేబులో గ్లూకోజ్ బిళ్ళలున్నాయి, నేనిచ్చినవే. ఒక్కటి నోట్లో వేసుకుంటే పోయేది. వేసుకోలేదు. ఎందుకే పిచ్చిమొహమా అంటే ఏమందో తెలుసా? 'తింటే రాస్తారు నర్సమ్మా' అంది."

మాటల మేడమ్ ఆ పేజీ మళ్ళీ చదివింది.

షుగరు పడిపోయినప్పుడు తీపే మందని తరగతిలో చెప్పిన పాఠంలో ఉంది. చివర్లో, గంట కొట్టేముందు ఒక్క వాక్యం. మొదటి అరగంటంతా తీపి వద్దు, తీపి వద్దు అన్న బొమ్మలే. పిల్లలకి అవే గుర్తున్నాయి. పైగా తీపి ముట్టనందుకు నక్షత్రాలు పెట్టింది తనే.

"నాకెందుకు చెప్పలేదు?" అంది. ఆ ప్రశ్న నోట్లోంచి రాగానే, తప్పు ఇంకొకరి నెత్తిన పెట్టడానికి చూస్తున్నానని ఆమెకే అర్థమైంది.

"చెప్పడానికొచ్చాను. నువ్వు పెళ్ళిసెలవు నుంచి వచ్చిన రోజే నీ గదికొచ్చాను. కూర్చోండి నర్సమ్మా అని ఫోనులో ఫోటోలు చూపించావు. రెండొందల ఫోటోలు. మధ్యలో రెండుసార్లు నోరు తెరిచాను. ఆగండి, సముద్రం దగ్గరవి ఇంకా బావుంటాయన్నావు. ఈలోగా గంట కొట్టారు."

"తర్వాతైనా..."

"తర్వాత నాదీ తప్పే. మొహం అంత కళకళలాడుతుంటే చెప్పబుద్ధి కాలేదు. వాళ్ళమ్మకి మాత్రం చెప్పాను. ఆవిడేమో, మేడమ్ అంత కష్టపడుతుంటే తప్పు పట్టడం బావుండదంది."

తల తీసేసినట్టయింది మాటల మేడమ్‌కి. ఆ రోజు కళ్ళముందు కదిలింది. నర్సమ్మ వెళ్ళిపోయాక, సెలవులో పోగుపడిన రెండు వారాల నక్షత్రాలు ఒక్క బిగిన అంటించేసింది. ఫోను స్పీకర్లో మొగుడు. తను కుర్చీలో కాళ్ళూపుకుంటూ, నవ్వుతూ, బొటనవేలితో ఒక్కో నక్షత్రాన్నీ అద్దింది. పద్నాలుగో తారీకు నక్షత్రంమీద గోటి నొక్కు ఇంకా ఉంది. ఒక్క పంక్తి చదవలేదు. ఆ వారంలోనే గ్రాఫు పూర్తిచేసి నివేదిక పంపింది.

తన గదికొచ్చి తలుపేసుకుని నివేదిక నకలు తీసింది. మొదటి పేజీలో రెండు గడులు. 'తల్లిదండ్రుల అనుమతి' గడిలో పిట్ట వాళ్ళమ్మ సంతకం. దాని కింద 'పాప సమ్మతి' గడిలో ఒక టిక్కు. అది ఎప్పుడు పెట్టిందో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. పిట్టని అడగనేలేదు కాబట్టి గుర్తుండే అవకాశమూ లేదు. చదువుకున్న కాలేజీలో ఈ గడి గురించే పరీక్షలో ప్రశ్నొచ్చింది. మూడు పేజీలు రాసి మంచి మార్కులు తెచ్చుకుంది. ఆ మార్కులు గుర్తొచ్చి చెవులు కాలాయి.

బడి వదిలాక బ్యాడ్జీల పిల్లలు ఇళ్ళకి పోతారు. వాళ్ళమ్మ వచ్చేదాకా ఒక పావుగంట పిట్ట గేటుపక్క బెంచీమీద ఒక్కతే కూర్చుంటుంది. గదిలోకి పిలిపిస్తే మళ్ళీ నలుగురూ చూస్తారని మాటల మేడమే అక్కడికి వెళ్ళింది.

"కూర్చోనా?"

పిట్ట జరిగింది.

"నేనొక తప్పు చేశాను పిట్టా."

పిట్ట గాభరాగా అటూఇటూ చూసింది, తప్పు చేసింది తనే అయినట్టు. "ఎవరు చెప్పారు మేడమ్?"

"నర్సమ్మ. నువ్వు మెట్లమీద పడిపోయిన రోజు పేజీకి నక్షత్రం అంటించాను. చదవకుండానే."

"నాకు తెలుసు మేడమ్. వాళ్ళు తెచ్చి చూపించారు. నాకు నవ్వొచ్చింది."

"నవ్వా?"

"ముందు నవ్వొచ్చింది" అంది పిట్ట.

గేటు బయట ఏదో బండి హారన్ కొట్టి వెళ్ళిపోయింది. పిట్ట వాళ్ళమ్మ కాదు.

"రేపటినుంచి ఆ పుస్తకం ఉండదు. తోడూ ఉండదు. నీకు షుగరు పడిపోతే ఎప్పుడైనా, ఎక్కడైనా, ఎవరి ముందైనా తినాలి. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు."

పిట్ట మొహం విప్పారబోయి మళ్ళీ ముడుచుకుంది. "అది చెప్పడానికి మీరు మళ్ళీ క్లాసుకొస్తారా?"

"ఎందుకు ఆపామో వాళ్ళకి తెలియాలి కదా..."

"వద్దు మేడమ్. ప్లీజ్. మీరొచ్చి చెప్పిన ప్రతిసారీ అందరూ వెనక్కి తిరిగి నన్నే చూస్తారు. పుస్తకం నిండిపోయిందని చెప్పండి, చాలు."

"ఇంకా పేజీలున్నాయి కదే."

"ఏడు పేజీలున్నాయి. రోజూ చూసుకుంటున్నా."

నలుగురి చేతా మాట్లాడించడం మాటల మేడమ్ పని. ఈ పిల్ల ఇన్నాళ్ళుగా ఒక్కతే కూర్చుని పేజీలు లెక్కపెట్టుకుంటోంది. క్షమించమని అడిగింది. పిట్ట "పర్లేదు మేడమ్" అంది, బస్సులో కాలు తొక్కినవాళ్ళతో అన్నట్టు. కోపం పోయిందా అని అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. అడిగితే పోయిందనే అంటుంది, మధ్యాహ్నం 'మంచిదేగా మేడమ్' అన్నట్టే. అందుకని అడగలేదు.

దానికి బదులు రేపటి సంగతి చెప్పింది. నలభైమంది వస్తారు. వాళ్ళ బడుల్లోనూ నీలాంటి పిల్లలున్నారు. నీ పేరు చెప్పను, బడి పేరు చెప్పను. నువ్వు వద్దంటే అసలు నీ ఊసే ఎత్తను.

పిట్ట చెప్పు కొనతో నేల గీకింది. "వాళ్ళు కూడా నక్షత్రాలు పెడతారా?"

"నేను చెప్పకపోతే పెడతారు."

"అయితే నక్షత్రం సంగతి చెప్పండి. నేను ఏడ్చింది మాత్రం వద్దు."

"చెప్పను."

"'తింటే రాస్తారు' అన్నది చెప్పొచ్చు." చెయ్యి చాపింది. "ఇందాకటి కాగితం ఇచ్చెయ్యండి మేడమ్."

మాటల మేడమ్ హ్యాండ్‌బ్యాగులోంచి తీసిచ్చింది. పిట్ట దాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో దాచుకుంది. ఈలోగా వాళ్ళమ్మ వచ్చింది. మాటల మేడమ్ ఆవిడకీ అంతా చెప్పి, ఆవిడనీ అడిగింది. ఆవిడ కూతురి వంక చూసి, "అది సరేనంటే సరే" అంది.

బస్‌స్టాపులో నిలబడి శిక్షణాధికారిణికి ఫోను చేసింది. జరిగింది చెప్పి, రేపు అందరికీ ఇదే చెప్తానంది.

"పుస్తకాలు అచ్చయిపోయాయమ్మా" అంది ఆవిడ. "మీరు చేరి ఏడాది కూడా కాలేదు. అందరిముందూ ఇలా చెప్పుకుంటే రేపు మీకే ఇబ్బంది. ఒక పని చేద్దాం. ఒంట్లో బాలేదనండి. ఆ గంట నేనేదో చూసుకుంటాను."

"మరి నలభై ఎనిమిదో పేజీ?"

"అది అలా ఉంటుంది. ఎవరు చదువుతారులెండి."

ఎవరూ చదవరనే మాట ఆమెకి ఒక్క క్షణం చల్లగా తగిలింది. ఆ చల్లదనానికే ఇంకా సిగ్గేసింది. ఆలోచించుకుని చెప్తానని పెట్టేసింది. బస్సులో కిటికీ సీటు ఖాళీగానే ఉంది. నిలబడే వచ్చింది.

ఇంటికొచ్చేసరికి కిందింటావిడ మెట్లదగ్గర ఎదురైంది. "అభినందనలమ్మా! టీచర్లకే టీచరువట!" ఆమె తలొంచుకుని మూడంతస్తులూ ఎక్కింది. లోపల మొగుడు పవర్ లేని కళ్ళజోడు తనే పెట్టుకుని కూర్చున్నాడు. "రండి ప్రొఫెసరమ్మగారూ" అనబోయి, ఆమె మొహం చూసి జోడు తీసేశాడు.

కుర్చీలో కూలబడి అంతా చెప్పింది. నర్సమ్మకి ఫోటోలు చూపించిన సంగతీ, ఫోనులో మాట్లాడుతూ నక్షత్రాలు అంటించిన సంగతీ దాచలేదు.

"నేను స్పీకర్లో ఉన్నానా అప్పుడు?" అన్నాడు మొగుడు.

"ఉన్నావు."

"ఏం మాట్లాడుకున్నాం?"

"కర్టెన్ల రంగు."

అతను మెడ రుద్దుకున్నాడు. అత్తగారు మాత్రం గుండెమీద చెయ్యేసుకుంది. "మూడంతస్తులకీ చెప్పేశానే! ఇప్పుడేం చెప్పను? ఒంట్లో బాలేదనవే తల్లీ, ఆవిడే దారి చూపించిందిగా."

"జ్వరం రమ్మంటే ఇప్పుడే వచ్చేట్టుందత్తయ్యా. అదే నా భయం."

"మా దుకాణంలో అప్పుడప్పుడూ అద్దాలు తారుమారవుతాయి" అన్నాడు మొగుడు. "ఒకరి పవర్ ఇంకొకరికి వెళ్ళిపోతుంది. ఫోన్ చేసి వెనక్కి రమ్మంటాం. రానివాళ్ళింటికి నేనే వెళ్తాను. తలుపు తీయగానే తిడతారు. ఒకాయనైతే కుక్కని వదిలాడు."

"నువ్వేం చేశావ్?"

"పరుగెత్తాను. మర్నాడు మళ్ళీ వెళ్ళాను. ఆ అద్దాలతో ఆయన మెట్లమీంచి పడితే?"

ఆమెకి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. కొంగుతో మొహం తుడుచుకుని ఫోను తీసి, రేపు తప్పకుండా వస్తున్నానని శిక్షణాధికారిణికి మెసేజ్ పెట్టింది. ఫోను బోర్లా పెట్టింది.

"ఏడింటికే బయల్దేరతాను" అంది. "ముందు బడికెళ్ళి, పుస్తకం నిండిపోయిందని చెప్పి బ్యాడ్జీలు తీసేసుకుంటాను. తొమ్మిదింటికి కేంద్రంలో ఉంటాను. అందర్నీ నలభై ఎనిమిదో పేజీ తియ్యమంటాను. ఇది రాసింది నేనే, మీ బడుల్లో ఇలా చెయ్యకండి అని చెప్పి, ఎందుకో మొదట్నుంచీ చెప్తాను. అత్తయ్యా, కింద ఎవరైనా అడిగితే మీరూ అదే చెప్పండి."